అందుకునేవాళ్ళు ఏరీ?

మాది బాలాపూర్ అనగానే అందరూ లడ్డూ ధర అడుగుతారు. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30,01,000 రూపాయలకు పోయింది. ఆ లెక్క నాకు నోటికొచ్చు. కానీ మా వీధి గుడిలో ప్రతి శనివారం భజన చేసే ఏడుగురిలో ఎవరు ఏ పాట పాడతారో మొన్నటిదాకా నాకు తెలియదు. ఆ ఏడుగురిలో మా తాత ఉన్నా కూడా!

ఈ సెలవుల్లో తాత, "మా పాటలన్నీ ఒక ఆల్బమ్ చెయ్యరా, యూట్యూబ్‌ల పెడదాం" అన్నాడు. సీఎస్ స్టూడెంట్‌ని కదా, రెచ్చిపోయాను. ఏడుగురితో రికార్డింగ్ అంటే తలనొప్పి. ఒకరు దగ్గుతారు, ఒకరు తాళం ముందే వేసేస్తారు. అందుకే తాత గొంతు ఒక్కటే రికార్డు చేశాను. దాన్నే నాలుగు కాపీలు తీసి, ఒక్కోదాని పిచ్ కొంచెం మార్చి, కింద బీట్ వేశాను. కోరస్ రెడీ!

అందరినీ కూర్చోబెట్టి వినిపించాను. పాట అయ్యేదాకా తాత ఏం మాట్లాడలేదు. తర్వాత, "మంచిగనే ఉన్నది. మరి మావోళ్ళు ఏడున్నర్రా ఇందుల?" అన్నాడు. మిగతా ఆరుగురూ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

టేస్టు మారింది, ఈ కాలం పిల్లలకు జానపదం ఎక్కదు అంటారు. నేను ఒప్పుకోను. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చింది. అదే నెలలో 'బలగం' రిలీజైంది. దాని చివర్లో దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే, ఊళ్ళల్లో తెరలు కట్టుకుని చూసిన జనం ఏడ్చారు. రోజంతా రీల్స్ చూసే నేనూ ఏడ్చాను. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో చనిపోయారు. ఆ పాట మాత్రం మా ఇంట్లో ఇంకా మోగుతూనే ఉంది.

టెక్నాలజీది కూడా తప్పు కాదు. 1972లో మొదలైన జననాట్యమండలి పాటలు, గద్దర్ పాటలు తర్వాత క్యాసెట్లలో ఊరూరా తిరిగాయి. గద్దర్ గొంతు వెనక కోరస్ గొంతులు కూడా ఆ క్యాసెట్లలో ఉన్నాయి.

మరి పోతున్నదేంటి? అందుకునేవాళ్ళు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం సంగతులు ఎత్తుతారు. భజనలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆ గ్యాప్‌లోనే ముందు పాడినవాడు ఊపిరి తీసుకుంటాడు. గొంతు బాగాలేనివాడికి కూడా అక్కడ చోటుంది. డీజే బండి ముందు నేనూ ఎగురుతాను, కాదనను. కానీ అక్కడ మనం ఎగరడమే, పాడేదేం లేదు.

"సౌండ్ క్లీన్‌గా లేకపోతే పది సెకన్లలో స్క్రోల్ చేసేస్తారు రా" అన్నాడు నా ఫ్రెండ్. నిజమే కావచ్చు. కానీ వినేవాళ్ళ కోసం పాడేవాళ్ళనే తీసేస్తే అది ఎవరి ఆల్బమ్?

అందుకే మళ్ళీ రికార్డు చేశాం. గుడి అరుగు మీద ఏడుగురు గుండ్రంగా కూర్చున్నారు, మధ్యలో నా ఫోన్. మూడో పాటలో దగ్గు వచ్చింది. కట్ చేయలేదు.

ఈసారి మన ఫెస్ట్‌లో ఫోక్ ఐటమ్‌కి ట్రాక్ ప్లే చేయకుండా, నలుగురు అందుకునేవాళ్ళను వెతుకుదాం. రాగం రాకపోయినా పర్లేదు. నాకూ రాదు, తాళాలు పట్టుకుంటాను.