హాస్టల్ ముచ్చట్లు – 9: పేలకు కత్తెర మందు కాదు



పోయిన భాగంలో మెస్ గురించి రాస్తే హనుమకొండ, కాజీపేట, పరకాల దిక్కు హాస్టళ్లలో చదివే చెల్లెళ్లు చాలామంది స్పందించారు. ఎక్కువమంది అడిగింది అన్నం గురించి కాదు, తల గురించి. "అన్నా, పేలున్నయని జుట్టు కత్తిరిస్తున్నరు. దీనికి చట్టం లేదా?" అని. ఒక పిల్ల ఇంకో మాట కూడా రాసింది: "ఇంటికి పోతే మా అమ్మ నన్ను గుర్తుపట్టలే."

సభల్లో రిజర్వేషన్ల గురించి గంటలు గంటలు మాట్లాడతాం. పేల గురించి మాట్లాడాలంటే మనకే సిగ్గు. ఆ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం.

పేను ఎగరదు, దుంకదు. తలకు తల ఆనితే పాకుతుంది, అంతే. శుభ్రంగా కడిగిన జుట్టులోనూ అంతే హాయిగా బతుకుతుంది. రక్తం తాగుతుందే గానీ తలపేను రోగాలు మోసుకొచ్చేది కాదు. తల నుంచి కింద పడితే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. కాబట్టి పేలుండటం మురికికి గుర్తు కాదు, పక్కపక్కన పడుకున్నదానికి గుర్తు. ఒక గదిలో మంచాలు చాలక చాపలు కలిపి వేసి, ఒక మెత్త మీద ఇద్దరు పిల్లలు తల పెట్టే చోట పేలు పడకపోతేనే ఆశ్చర్యం. గది కట్టనిది సర్కారు, పేరు పడేది పిల్లకు: "మీ వాడోళ్లంతా ఇంతే."

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం పేలున్నాయని, ఈపులున్నాయని ఏ పిల్లనూ బడి నుంచి ఇంటికి పంపొద్దని ఎప్పుడో చెప్పింది. అక్కడ కూడా ఒకప్పుడు పంపేవాళ్లు. తప్పని తెలుసుకొని మానుకోమన్నారు. మన దగ్గర ఇంటికి పంపడం కూడా లేదు, కత్తెరే.

అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చిన్నప్పటి సతారా గురించి రాశాడు. ఊళ్లో మంగలి ఉన్నాడు, ఇచ్చేందుకు పైసలూ ఉన్నాయి, కానీ అంటరాని పిల్లల తల ముట్టడానికి ఏ మంగలీ ఒప్పుకోడు. అందుకని ఆయన అక్కే తమ్ముళ్ల జుట్టు కత్తిరించేది. చేసి చేసి అందులో ఆరితేరింది. అప్పుడు మన తల ముట్టడానికి నిరాకరించారు. ఇప్పుడు అడగకుండానే ముడుతున్నారు. మన తల మీద నిర్ణయం మనది కాకపోవడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే.

చట్టం సంగతి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బలవంతంగా గుండు కొట్టించడం అందులో సెక్షన్ 3(1)(ఇ) కింద నేరం. తూర్పుగోదావరి వెంకటాయపాలెంలో 1996 డిసెంబర్ 29న దళిత యువకులకు శిరోముండనం చేశారు. ఆ కేసులో తీర్పు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. ఇరవై ఏడేళ్లు దాటింది. గుండు మన దేశంలో ఉత్త క్షవరం కాదని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు.

అట్లని ప్రతి వార్డెన్ మీదా అట్రాసిటీ కేసు పెట్టమని నేను అనను. చాలాచోట్ల వార్డెన్లు మన ఇళ్ల ఆడబిడ్డలే. ఎస్సీ, ఎస్టీ మనిషి మీద ఆ చట్టం పనిచేయదు కూడా. వందలమంది పిల్లలకు ఒక్క మనిషి, చేతిలో మందు లేదు, పైనుంచి తనిఖీ వస్తుందన్న భయం. ఆమె చేతికి దొరికింది కత్తెర. కానీ విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఏడుస్తున్న పిల్లను అందరి ముందు నిలబెట్టి జుట్టు కత్తిరించడం ఈ రెండో మాటలోకి రాదని ఎవరైనా వాదిస్తే వాళ్ల బిడ్డను అక్కడ నిలబెట్టి వాదించమనండి.

ఇక పైసల లెక్క. 2024 చివరి దాకా 3 నుంచి 7 తరగతుల ఆడపిల్లకు కాస్మెటిక్ చార్జీలు నెలకు 55 రూపాయలు. రోజుకు రెండు రూపాయలు కూడా కాదు. సబ్బు, నూనె, అన్నీ అందులోనే. పోరాడితే అది 175 అయింది, 8 నుంచి 10 తరగతుల వాళ్లకు 75 నుంచి 275. మంచిదే. మరి ఆ పైసలు నెలనెలా చేరుతున్నాయా, అందులో పేల మందు, పేల దువ్వెన ఉన్నాయా అని అడగాల్సింది మనం. బడిపిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే వ్యాను బడికి ఏడాదికి ఒకసారి రావాలి. పేనుకు మూడు వారాల్లో తరం మారుతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే. మనది పత్తి జిల్లా. ఇంట్లో చేను మందు డబ్బా ఉంటుంది. సెలవులకు వచ్చిన బిడ్డ తల చూసి, మళ్లీ గుండు కొడతారేమోనన్న భయంతో, ఆ మందు నీళ్లలో కలిపి తలకు పట్టించే తల్లులున్నారు. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు తల చర్మం గుండా ఒంట్లోకి దిగుతాయి. కంటిపాప చిన్నదైపోతుంది, చూపు మసకబారుతుంది, కళ్లు నొస్తాయి, నీళ్లు కారతాయి, ఒళ్లంతా నీరసం. ఆ పిల్ల హాస్టల్‌కు తిరిగొచ్చి "మేడం, కండ్లు గుంజుతున్నయి, లేవబుద్ధి అయితలేదు" అంటే వచ్చే జవాబు "నాటకాలు". ప్రాణం పోయే విషం అది. అట్లాంటి పిల్లను సబ్బుతో తల కడిగి, బట్టలు మార్చి, వెంటనే ఎంజీఎంకు తీసుకుపోవాలి. కిరోసిన్ కూడా వద్దు.

మందు తాకని పిల్లల నీరసానికీ కారణాలుంటాయి. పేలు చీకట్లోనే ఎక్కువ తిరుగుతాయి, రాత్రంతా గోక్కున్న పిల్లకు తెల్లారి కళ్లు మండుతాయి. పైగా మన రాష్ట్రంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి అరవై మందికి పైగా రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆడవాళ్ల అలసటను నమ్మకపోవడం ఇక్కడి జబ్బే కాదులెండి. లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 1955లో సిబ్బంది వందలమంది నెలల తరబడి నీరసంతో మంచాన పడితే, 1970లో ఇద్దరు డాక్టర్లు అది హిస్టీరియా అని రాశారు. ఎక్కువమంది ఆడవాళ్లే కావడం వాళ్లు చూపించిన ఆధారాల్లో ఒకటి. నర్సుల మాటకే అక్కడ ఆ గతి పడితే, ఐదో తరగతి మాదిగ పిల్ల మాట ఎవరు వింటారు?

విద్యార్థి సంఘాల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ నెల హాస్టళ్లకు పోయినప్పుడు చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. ఒక శాతం పర్మెత్రిన్ లోషన్ కడిగి తుడిచిన తలకు పట్టించి పది నిమిషాలకు కడిగేయాలి. ఈపులు చావవు గనక తొమ్మిదో రోజున మళ్లీ రాయాలి. పేలున్న పిల్లలకూ, వాళ్లతో కలిసి పడుకునేవాళ్లకూ ఒకేరోజు చేయాలి, లేకపోతే వారంలో మళ్లీ మొదటికే. తడి జుట్టును సన్నపళ్ల దువ్వెనతో రెండు మూడు రోజులకోసారి దువ్వాలి. మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఇప్పించమని వార్డెన్‌తో కలిసే దరఖాస్తు పెట్టండి, ఆమె మీద కాదు. పిల్లా, తల్లీ ఒప్పుకోకుండా కత్తెర పట్టొద్దని అదే కాగితంలో రాయండి. నకలు మీద ముద్ర వేయించుకోండి.

వచ్చే భాగం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ బకాయిల మీద. కాగితాలున్నవాళ్లు పంపండి.