నీట మునుగుతున్న జంతుచరిత్ర

ఫ్రాన్స్‌లోని మార్సే నగరం దగ్గర, మధ్యధరా సముద్రంలో 37 మీటర్ల లోతున కాస్కే గుహ ద్వారం ఉంది. గజ ఈతగాడు ఆన్రీ కాస్కే 1985లో అందులోకి వెళ్లారు. గోడలపై బొమ్మల సంగతి 1991లో లోకానికి తెలిసింది.

గుర్రాలు, అడవిదున్నలు, కొండమేకలతో పాటు సీళ్లు, గ్రేట్ ఆక్ పక్షులూ అక్కడ కనిపిస్తాయి. వీటిలో చాలా బొమ్మల వయసు సుమారు 19,000 ఏళ్లు. అప్పట్లో సముద్రమట్టం ఇప్పటికన్నా 100 మీటర్లకు పైగా తక్కువ, కాబట్టి గుహ ద్వారం నేల మీదే ఉండేది. ఎగరలేని గ్రేట్ ఆక్‌లను తర్వాతి కాలంలో మాంసానికీ, ఈకలకూ వేటాడారు. 1844లో ఐస్‌లాండ్ దగ్గర చివరిగా తెలిసిన జంటనూ చంపేశారు.

మార్సేలో 2022లో నకలు గుహ తెరిచారు. అది మంచి పనే.

కానీ ఎగబాకుతున్న నీరు అసలు బొమ్మలను చెరిపేస్తోంది. నకలుతో సరిపెట్టుకోవడం తప్పు. సముద్రాన్ని పెంచుతున్న కర్బన ఉద్గారాలకు ప్రభుత్వాలు ఇప్పుడే కళ్లెం వేయాలి.