సూదిని చదివినవాళ్లను మరిచాం

గరివిడి చుట్టుపక్కల వరి పొట్టకొచ్చే వేళ తుఫాను గాలి వీచిందంటే రైతుకు నిద్ర పట్టదు. ఆకులు ఒకదానికొకటి ఒరుసుకుని చీరిన చోట బాక్టీరియా దిగుతుంది. అంచుల వెంట ఆకు పసుపెక్కి ఎండుతుంది, తెల్లవారి చూస్తే దాని మీద జిగురు బొట్లు. అదే ఎండాకు తెగులు. ఒకసారి పట్టాక నమ్మకంగా ఆపే మందు లేదు. యూరియా ఎక్కువైతే తెగులు మరింత పెచ్చుమీరుతుంది.

ఈ కనపడని శత్రువు ఆయుధాన్ని విప్పి చూసినవాళ్లు ఆ పని మన హైదరాబాదులోనే చేశారని ఎంతమందికి తెలుసు? సినిమా హీరో వేసుకున్న చొక్కా రంగు మనకు తెలుసు. అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో రమేశ్ సొంటి బృందం ఏం కనిపెట్టిందో తెలుసా?

ఆ బాక్టీరియాకు రెండు పొరలు. వాటిని దాటించి తన సరుకును బయటికి పంపడానికి దానికి యంత్రాలున్నాయి. వాటినే స్రావ వ్యవస్థలు అంటారు. రెండో రకం యంత్రానికి పై పొరలో ప్రోటీన్లు గుండ్రంగా కూర్చుని కట్టిన ద్వారం ఉంటుంది. దాని గుండా ఎంజైములు బయటికొచ్చి వరి కణం గోడను కొరుకుతాయి. మూడో రకం అచ్చం ఇంజెక్షను సూదే. పొరల్లో పీట, బయటికి సన్నని గొట్టం. దాంతో తన ప్రోటీన్లను నేరుగా మొక్క కణంలోకే ఎక్కిస్తుంది. రెండో రకం యంత్రాన్ని చెడగొడితే ఎంజైము లోపలే నిలిచిపోయి తెగులు జోరు తగ్గుతుందని ఆ బృందం 2000లో చూపింది. గోడ కొరికిన అలికిడికి వరి మేలుకుంటుందని, సూది ఎక్కించిన ప్రోటీన్లు దాన్ని మళ్లీ నిద్రపుచ్చుతాయని 2007లో తేల్చింది. కన్నం వేసే దొంగ కుక్కకు మత్తుముద్ద విసిరినట్టే! ఆ ఎంజైముల్లో ఒకదాని ఆకృతిని కూడా 2009లో బయటపెట్టారు.

ఇది ప్రయోగశాల ముచ్చటేనా? 1986లో బాపట్ల ఇచ్చిన సాంబా మసూరి లేని పెళ్లిభోజనం ఉందా? ఆ వంగడానికే మూడు జన్యువులు చేర్చి, సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధకులు కలిసి 2008లో తెగులును తట్టుకునే సాంబాను విడుదల చేశారు. ఒక జన్యువు శత్రువు మొదటి రకం యంత్రంతో పంపే చిన్న ప్రోటీన్ ముక్కను పసిగడుతుంది. మిగతా రెండూ మూడో రకం సూది పంపిన ప్రోటీన్ల ఆటలు సాగనివ్వవు. ఆనాడు బాపట్ల గింజకు పల్లకీ మోశాం. ఈనాడు ఆ గింజకు కవచం తొడిగిన విద్యకు పీటైనా వేయలేదు!

మన గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఈ యంత్రాల బెడద పశువులకూ ఉంది. ఆవును ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా అనే బాక్టీరియా కూడా ఇలాంటిదే మరో యంత్రంతో, నాలుగో రకంతో, పశువు కణాల్లో తిష్ఠ వేస్తుంది. మనుషులకూ అంటుతుంది. పొలంలోనూ, కొట్టంలోనూ, మన ఒంట్లోనూ పనిచేసేవి ఇలాంటి పనిముట్లే. ఇంత దగ్గరి విద్య మనకు ఇంత దూరమెందుకైంది?

పాఠాలు రాసే పెద్దలారా, ఎరువుల సబ్సిడీలు లెక్కించే అధికారులారా, సమాధానం చెప్పండి. పాడైన పంటకు పరిహారం పంచడానికి ఫొటోగ్రాఫర్లతో వస్తారే, పాడవకుండా చూసే జ్ఞానాన్ని తెలుగులో రెండు పేజీలు రాయించడానికి ఎవరు అడ్డొచ్చారు? పొలంబడిలో చెట్టు కింద రైతును కూర్చోబెట్టి ఆ సూది బొమ్మ చూపిస్తే అర్థం కాదంటారా? దొంగను గుర్తుపట్టడం రైతుకు కొత్తా?

పదో తరగతి పుస్తకంలో ఆ సూది బొమ్మ వేయించండి. పక్కనే ఎండాకు తెగులు సోకిన వరి ఆకు పెట్టండి. కింద, దీని గుట్టు విప్పడంలో హైదరాబాదు చేయి ఉందని ఒక్క వరుస రాయించండి.