వెనుక బ్రేకులు లేని కారు

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు హుస్సేన్‌సాగర తీరమున ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెము జరిగినది. ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలుపొందెను. మరుసటి యేడు జరుగవలసిన పందెము రద్దయినది. పందెమువలన నగరమున కొరిగినదేమి, వీథులు మూసి ప్రజలను ఇక్కట్లపాలు చేయుట తగునా యను వాదములు చాలకాలము సాగినవి. అవి అవసరములే. కాని ఆ కారు నిర్మాణమును గూర్చిన చర్చ మన నాట వినబడలేదు. దానికై సిరిసిల్లవారు ఏల నోరు విప్పవలె నందురేమో, చిత్తగింపుడు.

మూడవ తరమని పేరువడిన ఆ కారు యుద్ధవిమానమును తలపించును. మెచ్చినవారును ఏవగించుకొన్నవారును ఆ రూపమునే చూచిరి. మాకది పైపై విషయము. అసలు సాహసము వెనుక చక్రములయొద్ద నున్నది. అచట రాపిడి బ్రేకులే పెట్టలేదు. వేగము తగ్గింపవలసినప్పుడు నడుపు మోటారే విద్యుదుత్పాదక యంత్రముగ మారి చక్రములను నిగ్రహించును. వాని వేగము విద్యుత్తై బ్యాటరీకి మరలి చేరును. వెనుక మోటారు 350, ముందు మోటారు 250, వెరసి 600 కిలోవాట్ల మేర నిట్లు రాబట్టవచ్చును. పందెమున వ్యయమగు విద్యుత్తులో నూటికి 40 పాళ్లకు పైగా ఈ రీతినే చేకూరునని నిర్వాహకుల మాట.

ఈ లెక్కను మనమే వేసి చూతము. సారథితో గూడ ఆ కారు తూకము సుమారు 850 కిలోగ్రాములు. గంటకు 200 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న దానిని నిలిపినచో అందలి శక్తి రమారమి 0.36 యూనిట్. పాతపద్ధతి కారులో నిది యంతయు బ్రేకుబిళ్లలను కాల్చి గాలిలో కలిసిపోవును. ఒక అశ్వశక్తి మోటారు గల సాంచె ఆ శక్తితో దాదాపు అరగంట నేయగలదు. ఒక్క మలుపులో అరగంట నేత! మార్గమధ్యమున కొంత నష్టమగుట నిజమే. అయినను మిగులునది స్వల్పము గాదు.

ఆక్షేపణలు లేకపోలేదు. బ్యాటరీ నిండియున్నప్పుడు వచ్చు విద్యుత్తును అది యెట్లు స్వీకరించును? విద్యుద్వ్యవస్థ చెడినచో వెనుక చక్రములను ఆపువా రెవరు? పరీక్షా పరుగుల కాలమున సారథులే ఈ భయమును వెలిబుచ్చిరి. తరువాత వెనుక చక్రములకు ఆపత్కాలపు బ్రేకును చేర్పవలసి వచ్చినది. ఈ విషయమున ఆక్షేపకులదే న్యాయము. మనుష్యుని ప్రాణమునకు రెండవ కాపు లేకుండ చేయుట సాహసము గాదు, తొందరపాటు. ముందు మోటారు కారును నడుపక, శక్తిని రాబట్టుటకే పరిమితమై యుండుట మరియొక లోపముగ నెన్నబడినది. 2024 చివర మొదలైన పోటీలలో, మార్పుచేసిన కారునందు, కొన్ని ఘట్టములలో అదియును చక్రములను త్రిప్పసాగినది. కనుక మూలభావము సరియైనదే. అమలు జరిపిన తీరే దిద్దుకొనవలసి వచ్చినది.

ఇక మన సాంచెల సంగతి. నాడె దాదాపు అరకిలో బరువుండును. అది మోసికొనిపోవు పేకపోగు తూకము చెప్పదగినది కాదు. ఆ అరకిలో కొయ్యను నిమిషమునకు నూరుమార్లకు పైగా విసరి, ప్రతిమారును పెట్టెలో అణచి ఆపుచున్నాము. ఆపిన ప్రతిసారియు దాని వేగము చప్పుడుగను వేడిమిగను నశించుచున్నది. ఆ చప్పుడు మన వీథుల కలవాటైనది. దానికి సయితము కరెంటు బిల్లు కట్టుచున్నామని మాత్రము తోచదు. నాడె లేని మగ్గములు లోకమున వాడుకలోనికి వచ్చి దశాబ్దములు గడచినవి. వానిని కొనజాలని ఆసామికి, పని కఱవైన కార్మికునికి, ఉన్న సాంచెయందే ఏమి మిగుల్చుకొనగలమన్నదే ప్రశ్న.

హైదరాబాదు పందెమున మహీంద్రావారి కార్లును, టాటాల అధీనమందలి జాగ్వారు కార్లును పరుగెత్తినవి. జాగ్వారులు రెండును ఒకదాని నొకటి గ్రుద్దుకొన్నవి, అది వేరు మాట. ఆ రెండు జట్ల కర్మాగారములును ఇంగ్లండునందే యున్నవి. సొమ్ము మనది, వీథి మనది, గీతపలక వారిది. అగ్గిపెట్టెలో నిముడు చీరను నేసిన యూరివారికి ఇది కొంచెము సిగ్గుగ తోచవలదా?

సిరిసిల్లకు సాంకేతిక కళాశాల వచ్చినది. అందలి విద్యార్థులు ఒక సాంచెకు విద్యుత్ మాపకము నమర్చి, నాడె విసరుట కెంత, తక్కిన కదలికల కెంత, వ్యర్థమగున దెంత యని కొలిచి ప్రకటింపవలెను. జౌళి శాఖవారు ఒక పాత సాంచెను వారి కప్పగించిన చాలును. లెక్క తేలిననాడు, అది మా అభిప్రాయమునకు విరుద్ధముగ నున్నను సరే, ఈ పుటయందే అచ్చొత్తింతుము.