వానపడితే వడియాలు

"వానపడితే బట్టలు లోపల వెయ్యి, వడియాలు ఎత్తెయ్యి" అని కూతురికి చెప్పి తల్లి పేరంటానికి వెళ్ళిందనుకోండి. ఎండ కాస్తున్నంతసేపూ ఆ పిల్ల దేన్నీ ముట్టుకోదు. రెండు పనులూ వానకు సంబంధించినవేనని విడమరచి చెప్పనక్కరలేదు. కంప్యూటరుకు మాత్రం చెప్పాలి!

అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన డెనిస్ రిచీ 1972 ప్రాంతాల సీ అనే భాషను తయారుచేశాడు. అందులో "అయితే" అనడానికి ఇఫ్, "లేకపోతే" అనడానికి ఎల్స్. ఇఫ్ పక్కన బ్రాకెట్లలో షరతు రాస్తారు. దాని విలువ సున్న అయితే అబద్ధం, మరేదైనా నిజమే. నిజమైతే తరువాతి పని జరుగుతుంది. కిటుకంతా ఇక్కడే వున్నది. ఆ తరువాతి పని ఒక్కటే! రెండోదికూడా షరతుకు లోబడాలంటే రెంటినీ కలిపి వంకీల్లాంటి బ్రాకెట్లలో పెట్టాలి. లేదా, మండుటెండలో కూడా వడియాలు ఇంట్లోకి వచ్చేస్తాయి. రెండు వరుసలనూ సమానంగా జరిపి ముచ్చటగా రాసినా లాభంలేదు. ఆ అందం మన కళ్ళకే.

ఇది చిన్నపిల్లల తప్పు అనుకునేరు. మనం మాట్లాడుతున్నది అసలైన బ్యాంకుతోనా, ఆ పేరు పెట్టుకున్న దొంగతోనా అని తేల్చే ప్రోగ్రాం ఒకటి ఆపిల్ కంపెనీ ఫోన్లలో వుంటుంది. ఒక్కొక్క పరీక్షా చేస్తూ, తప్పు కనిపిస్తే ఫెయిల్ అనే చోటికి దూకమని రాశారు. ఒకచోట ఆ ఆజ్ఞ రెండుసార్లు పడింది. వంకీ బ్రాకెట్లు లేవు. మొదటిది షరతుకు లోబడింది, రెండోదానికి అడ్డేలేదు. తప్పు వున్నా లేకున్నా దూకడమే! చివరిదైన సంతకం పరీక్ష జరగనేలేదు. చిత్రమేమంటే, ఫెయిల్ అనే ఆ చోటికి చేరేసరికి తప్పు లెక్క సున్న. కనుక "అంతా సవ్యమే" అని జవాబు! దారిలో పొంచివున్నవాడు మధ్యలో దూరి రహస్యాలు చదవడానికి వీలు చిక్కింది. 2014 ఫిబ్రవరి 21న కంపెనీ ఫోన్లకు మరమ్మతు పంపింది.

ఒక్క పనికి కూడా బ్రాకెట్లెందుకు, దండగ, అనేవారున్నారు. నా వోటు పెట్టేవారికే. సీ ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే జీసీసీ అనే సాధనం 2016లో వచ్చిన ఆరో కూర్పునుంచి, వరుస జరిపిన తీరు ఒకటీ అర్థం మరొకటీ అయితే, హెచ్చరికలు చెప్పమని అడిగినవారికి ఆ సంగతికూడా చెబుతున్నది.