రెండు పడవల మీద కాళ్లు

రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని పెద్దలన్నారు గాని, ఆ రెంటిలో దేనిమీద పెట్టాలో చెప్పలేదు. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో ఉంటున్న మా మేనల్లుడికి ఇప్పుడా చిక్కే వచ్చింది. సెలవునాడు పెళ్లాంపిల్లలతో అఖాతంలో షికారు తిరగడానికి పాత పడవ కొంటాడట. రెండు చూసిపెట్టి నన్ను సలహా అడిగాడు. ఛందస్సు చెప్పుకొనేవాడికి పడవ బేరమేమిటా అనుకున్నాను. తీరా చూస్తే, వాళ్లమ్మను ఒప్పించడం నా వంతట! మా అక్కయ్యది రాజమండ్రి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిననాటినుంచి ఆవిడ పడవ ఎక్కలేదు. వచ్చే నెల కొడుకు దగ్గరికి వెళుతోంది.

రెండూ 'సెంటర్ కన్సోల్' పడవలే. అంటే, చక్రమూ మీటలూ నడిమధ్య దిమ్మలో అమర్చి, చుట్టూ మనిషి తిరగడానికి చోటు వదులుతారు. గాలమేసినవాడు చేప ఎటు లాగితే అటు పరుగెత్తాలి గదా! నడుం వాల్చి కూర్చునేవాళ్ల సుఖం అందులో తరవాతి మాట.

మొదటిది 19 అడుగులు, కొత్త ఇంజను. రెండోది 22 అడుగులు, ఇంజను పాతది, నెత్తిన గుడ్డకప్పు ఉంది. ధర ఇంచుమించు ఒకటే. మావాడి మనసు కొత్త ఇంజను మీద. కాని అంత బరువూ వేలాడేది పడవ వెనకగోడకు. పాత ఫైబర్ గ్లాస్ పడవల్లో చాలావాటికి ఆ గోడ లోపల ఉండేది ప్లైవుడ్. బోల్టుల సందుల్లోంచి నీరు దిగితే, పైకి నిగనిగలాడుతూనే లోపల చివికిపోతుంది. చెదపట్టిన ద్వారబంధానికి కొత్త తలుపు బిగించినట్టే. చిన్న సుత్తితో తట్టి చూస్తే గట్టి కర్ర ఖంగుమంటుంది, చివికింది బొదబొదమంటుంది. పాత ఇంజనుకూ పరీక్ష ఉంది. ఒక్కొక్క సిలిండరులో ఒత్తిడి కొలవాలి, అన్నీ దగ్గరదగ్గరగా ఉండాలి. ఆపైన నీళ్లలో నడిపించి చూడందే డబ్బివ్వకూడదు.

టాంపా అఖాతం సగటు లోతు 12 అడుగులే. గాలి లేచిందంటే అలలు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వస్తాయి. చిన్న పడవ ఎగిరెగిరి పడుతుంది. ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంకో మాట, అమ్మేవాడు ముందుగా చెప్పనిది: పెద్ద పడవ దిమ్మ లోపల మరుగుదొడ్డి పెట్టారట. ఆడవాళ్లూ పసివాళ్లూ రెండు గంటలు నీటిమీద ఉండాలంటే అది ఇంజనుకన్నా ముఖ్యం.

అందుకని వెనకగోడ గట్టిదైతే పెద్దదానికే నా ఓటు. అయితే ఒక మెలిక ఉంది. 20 అడుగుల లోపు ఇంజను పడవ నీళ్లు నిండినా తేలుతూనే ఉండాలని అక్కడ 1978నుంచి నిబంధన. 22 అడుగులదానికి ఆ నిర్బంధం లేదు. తేలే ఏర్పాటు చేశారో లేదో తయారీదారు కాగితాల్లో చూడమన్నాను. ఆరేళ్లలోపు పిల్లలకు లైఫ్ జాకెట్టు తొడగాలని ఫ్లోరిడా చట్టం. ఆరు దాటినవాడికి ఈత పుట్టుకతో వస్తుందా?

అక్కయ్యకు ఇదంతా చదివి వినిపించాను. ఆవిడ దిమ్మనూ, మరుగుదొడ్డినీ పట్టించుకోలేదు. "జాకెట్టు నాకొక్కదానికే అయితే ఎక్కను. వాడూ తొడుక్కోవాలి, నడిపేవాడే ముందు" అంది. ఆ మాటే రాశాను. శనివారం సుత్తి పట్టుకొని వెళతానని మావాడి జవాబు.