కోటి రూపాయల కారు, జిగురు మీద నిలబడ్డ రూఫ్: ఓనర్ల ఫిర్యాదు ఎక్కడ ఆగిపోతోంది?

లగ్జరీ ఎస్‌యూవీ అనగానే జనం ఇంజిన్ గురించి అడుగుతారు, స్క్రీన్ ఎంత పెద్దదని అడుగుతారు, ఎన్ని ఎయిర్‌బ్యాగులని అడుగుతారు. రూఫ్ ఎలా అతికించారని మాత్రం ఎవరూ అడగరు. కానీ కొన్నేళ్లుగా అమెరికాలో ఖరీదైన కార్ల మీద వచ్చిన కొన్ని పెద్ద రీకాల్స్ చూస్తే, తేడా వచ్చింది సరిగ్గా అక్కడే.

టెస్లా మోడల్ ఎక్స్ సంగతే తీసుకుందాం. పక్షి రెక్కల్లా పైకి లేచే తలుపులతో 2016 మోడల్ ఎస్‌యూవీ అది. ముందు అద్దానికీ ఆ తలుపులకీ మధ్య రూఫ్ మీద ఉండే ట్రిమ్ ముక్కలను ప్రైమర్ పూయకుండానే అతికించారని తేలింది. కారు స్పీడులో ఉండగా అవి ఊడి వెనక వచ్చే బండి మీద పడొచ్చు. 2020లో 9,136 కార్లను రీకాల్ చేశారు. కథ అక్కడితో అయిపోలేదు. అదే సమస్య మీద 2024లో అవే కార్లను మళ్లీ పిలవాల్సి వచ్చింది. అంటే మొదటిసారి చేసిన రిపేర్ మీద కూడా పూర్తి నమ్మకం లేకుండా పోయిందన్నమాట.

2025 మార్చిలో అదే కంపెనీ సైబర్‌ట్రక్ వంతు వచ్చింది. అది ఎస్‌యూవీ కాదు, పికప్. కానీ జబ్బు అదే. ముందు అద్దం పక్కన, రూఫ్ అంచున ఉండే స్టీల్ ప్యానెల్‌ను పట్టుకున్న జిగురు పెళుసుబారుతోందని 46,096 బండ్లను వెనక్కి పిలిచారు. ఇది ఒక్క టెస్లా గొడవే అనుకుంటే పొరపాటు. 2019 చివర్లో మెర్సిడెస్ బెంజ్ 2001 నుంచి 2011 మధ్య మోడళ్లలో సుమారు 7.45 లక్షల కార్లను సన్‌రూఫ్ అద్దం ఊడే ప్రమాదం ఉందని రీకాల్ చేసింది. అక్కడా కారణం అద్దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే జిగురే.

జిగురు వాడటమే తప్పని కాదు. బరువు తగ్గడానికి, శబ్దం రాకుండా ఉండటానికి ఇవాళ అన్ని కంపెనీలూ వాడుతున్నాయి. ఇబ్బంది ఏంటంటే, జిగురు లోపం షోరూంలో కనబడదు. ఎండ, వాన, కుదుపులు తగిలాక, ఏళ్లు గడిచాక బయటపడుతుంది. చాలామందికి అప్పటికి వారంటీ అయిపోయి ఉంటుంది. లేదా కారు రెండో చేతికి మారిపోయి ఉంటుంది.

ఇక్కడే మన ఇళ్లకు సంబంధించిన విషయం వస్తుంది. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొనే కుటుంబాలు తక్కువేం కాదు. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న కొడుకో తమ్ముడో పంపిన డబ్బుకు ఇంకొంత కలిపి కొంటారు. పనోరమిక్ సన్‌రూఫ్ ఉంటే పిల్లలకు సంబరం. మొదటి పెద్ద వానకు సీటు కింద కార్పెట్ తడిస్తే మాత్రం గొడవ మొదలవుతుంది.

సన్‌రూఫ్ మూలల్లో నీళ్లు కిందికి పోయే సన్నటి పైపులు ఉంటాయి. ఆకులు, దుమ్ము పేరుకుంటే అవి మూసుకుపోతాయి. అందుకే సర్వీస్ సెంటర్ "మెయింటెనెన్స్ సరిగ్గా లేదు" అంటుంది, ఓనరేమో "తయారీలోనే లోపం" అంటాడు. రెండూ నిజం కావచ్చు. తేల్చేది మాటలు కాదు, కాగితం. లీకేజీ ఏ తేదీన కనబడింది, ఎన్నిసార్లు బండి తీసుకెళ్లారు, ప్రతిసారీ ఏం చేశారు అన్నది జాబ్ కార్డులో రాసి ఉండాలి. "చెక్ చేశాం, ఓకే" అని రాసిస్తే, దాని మీద తన ఫిర్యాదు కూడా రాయించుకునే హక్కు ఓనర్‌కు ఉంది.

చట్టం లేదా అంటే, ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి సెక్షన్ 110ఏ చేర్చారు. కారులో ఉన్నవాళ్లకు గానీ రోడ్డు మీద ఉన్నవాళ్లకు గానీ హాని చేసే లోపం ఉందని నిర్ణీత శాతం ఓనర్లు ఫిర్యాదు చేస్తే, కేంద్రం రీకాల్‌కు ఆదేశించొచ్చు. కంపెనీ డబ్బు తిరిగివ్వాలి, లేదా బండి మార్చాలి, లేదా రిపేర్ చేయాలి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ ప్రకారం జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంటుంది. ఇది ఏడేళ్లలోపు వాహనాలకే.

ఇందులో అసలు మెలిక "ఓనర్లు ఫిర్యాదు చేస్తే" అన్న మాట. డీలర్ దగ్గర అరిచి వచ్చినా, వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టినా ఆ లెక్కలోకి రాదు. ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైతేనే వస్తుంది. లగ్జరీ కార్లు అమ్ముడయ్యేదే తక్కువ. అందులో సగం మంది పరువు పోతుందనో, రీసేల్ ధర పడిపోతుందనో నోరు మూసుకుంటే లెక్క ఎప్పటికీ పూర్తవదు. లోపం మాత్రం తర్వాత కొన్నవాడి నెత్తిన పడుతుంది.

రెండో దారి వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. కేసు రెండేళ్లలోపు వేయాలి. లోపం పరీక్షిస్తే గానీ తేలనిదైతే కమిషన్ ల్యాబ్‌కు పంపించొచ్చు. సలహా కోసం 1915 హెల్ప్‌లైన్ ఉంది. అయితే ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. మారుతి కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ అంటే చెడిపోయిన పార్టు మార్చడమే, కారు మొత్తం మార్చడం కాదని చెప్పింది. కాబట్టి "కొత్త కారు ఇవ్వాల్సిందే" అన్న ఒక్క డిమాండ్ మీదే కూర్చుంటే నెగ్గడం కష్టం.

ఎంత కాలం పట్టొచ్చో చెప్పడానికి తెలుగు నేల మీదే ఒక కేసుంది. 2009 సెప్టెంబర్‌లో కొన్న బీఎండబ్ల్యూ సెడాన్ కొద్దిరోజులకే మొరాయించిందని జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ కంపెనీ చీటింగ్ కేసు పెట్టింది. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేసి, కొత్త కారు ఇవ్వమంది. ఓనర్ ఒప్పుకోలేదు. చివరికి 2024 జూలైలో సుప్రీంకోర్టు 50 లక్షలు చెల్లించమని తీర్పిచ్చింది. అంటే దాదాపు పదిహేనేళ్లు. ఒక కంపెనీ కాబట్టి అంతకాలం తట్టుకుంది. లోన్ కిస్తీలు కట్టే ఇంటికి అది సాధ్యమా?

అందుకే జాగ్రత్త కొనకముందే మొదలవ్వాలి. ఛాసిస్ నంబర్ ఇచ్చి, ఆ బండి మీద రీకాల్ పెండింగ్ ఉందా అని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగాలి. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. కారు మీద నీళ్లు పోయించి, రూఫ్ లైనింగ్ మీద మరకలు, కార్పెట్ కింద తేమ, ముక్క వాసన ఉన్నాయేమో చూడాలి. ప్యానెళ్ల మధ్య సందులు రెండు వైపులా ఒకేలా లేకపోయినా, రంగు తేడా ఉన్నా బండికి బాడీ పని జరిగిందని అనుమానించాలి.

అమ్మేవాళ్లకూ ఒక మాట వర్తిస్తుంది. సరుకులో లోపం తెలిసీ దాచి అమ్మడం తప్పని మన పెద్దలు దుకాణాల్లో కూర్చోబెట్టి నేర్పారు. ఆ మాట సంతలో ధాన్యానికి ఎంత నిజమో, కారే రూఫ్ ఉన్న కోటి రూపాయల కారుకూ అంతే నిజం.